పెద్దల వరసలో దొరసాని

మలేషియాలోని సుంగై పెటాని ఊళ్ళో దేవుడమ్మ ఇంటి పూజ అలమరలో, పెద్దల ఫోటోలన్నిటికీ ముందు ఒక చిన్న బొమ్మ ఉంటుంది. కోడిగుడ్డంత ఉంటుందేమో. దంతపు రేకు మీద రంగులతో వేసిన తెల్లామె ముఖం, తలకి లేసు టోపీ. ఏటా పెద్దల అమావాస్యకి మొదటి బొట్టు, మొదటి విస్తరి ఆమెకే.

"మన ముత్తవ్వ తెల్లదొరసాని లా!" అని, మాట చివర అక్కడివాళ్ళ 'లా' తగిలించి, మనవరాలు మోహనప్రియ నవ్వేది.

అసలు ముత్తవ్వ రామలక్ష్మి, దేవుడమ్మకి అత్త. అమెరికా దొర రబ్బరు తోట బంగళాలో ఆయాగా చేసింది. జపానువాళ్ళు వస్తున్నారని పారిపోతూ దొరసాని ఈ బొమ్మ ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ వచ్చి తీసుకుంటానంది. రాలేదు. రామలక్ష్మి పోయాక ఆమె ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఐసీ అనే గుర్తింపు కార్డు మీద ఉన్నది, చావు రాయించినప్పుడు ఆఫీసువాళ్ళు కార్డుతోపాటే తీసేసుకున్నారు. సంవత్సరీకానికి ఏదో ఒక ముఖం కావాలని దేవుడమ్మ భర్త ఈ బొమ్మకే బొట్టు పెట్టాడు. ఇప్పుడాయనా ఆ వరసలోనే ఫోటో అయ్యాడు.

మోహనప్రియ ఫేస్‌బుక్‌లో పెట్టిన బొమ్మను చూసి, ఆ దొరసాని మనవరాలు ఎలెన్ అమెరికా నుంచి వెతుక్కుంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, కూర్చుని, సంచిలోంచి అచ్చం అలాంటిదే ఇంకో బొమ్మ తీసింది. నల్లకోటు మగమనిషి. ఆమె ఇంగ్లీషు విని కోడలు విజయరాణి చెప్పింది.

"అత్తమ్మా, ఈయన మన బొమ్మలో ఆమెకి మొగుడంట. పెళ్ళికి జతగా ఏయించినారంట. రెండొందల ఏళ్ళ కిందట, ఆళ్ళ వంశానికి మొదటోళ్ళంట."

పక్కపక్కన పెడితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

ఎలెన్ దేనికొచ్చిందో దేవుడమ్మకి అర్థమైంది. ఇస్తే అత్త చోటు ఖాళీ అవుతుంది. ఇవ్వకపోతే అత్త అన్నాళ్ళు దాచింది ఎవరి కోసం?

"ఈళ్ళ కాడ మా అత్త ఫోటో ఏటైనా ఉన్నాదా, అడుగు."

ఎలెన్ ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించింది. బంగళా మెట్లు, తోపుడు బండిలో పసివాడు. అంచున బండి పట్టుకున్న నల్లని చెయ్యి, గాజులు. మనిషి ఫోటోలోకి రాలేదు.

"అదే ప్రింటు తీసి పెట్టుకుందాం లా, అవ్వా" అంది మోహనప్రియ.

"సేతికి బొట్టెక్కడ పెడతావే?"

ఎలెన్ తల దించుకుని "సారీ" అంది. ఆ ముక్క దేవుడమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు పళ్ళెంలో బియ్యం, పసుపు కుంకాలు, రవికగుడ్డ, కొబ్బరికాయ సర్దించింది. తాను విధవరాలు గనుక దొరసాని బొమ్మకి బొట్టు విజయరాణి చేత పెట్టించి, పళ్ళెంలో ఉంచింది.

"ఇన్నాళ్ళు మా అత్త కూడు తిన్నావు తల్లీ. నీ మొగుడి కాడికి ఎల్లు."

ఎలెన్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

కారు వెళ్ళాక దేవుడమ్మ పసుపు తడిపి ముద్ద చేసి, ఖాళీ చోట తమలపాకు మీద ఉంచింది.

"కళ్ళూ ముక్కూ లేవే!" అంది మోహనప్రియ.

"నేను సూసినాను కదే."

"నువ్వు పోతే?"

విజయరాణి కూతుర్ని కసిరింది. దేవుడమ్మ మాత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అయితే ఇను. మనిషి పొట్టి. నుదురు ఎడల్పు. పై పళ్ళు కొంచెం ఎత్తు, అందుకే నోరు మూసే నవ్వేది. కోపమొస్తే కింద పెదవి కొరికేది, నీలాగే..."