గిన్నెల అడుగున చుక్కలు

వంటాయన జావ దించి, మూత తీసి, ఆవిరి వాసన చూశాడు. మాడలేదు. రుచి చూడడానికి లేదు, తినేవి బాక్టీరియాలు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పరిశోధనశాలలో ఆయన పని వాటికి వండిపెట్టడమే. సన్నటి చేతులు, ఎడమ బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, చెవులదాకా దించిన గుడ్డ టోపీ. ఇంట్లో మాత్రం పాలు కాచమంటే పొయ్యి మీదికి పొంగించేవాడు.

“లోకంలో పురుగులన్నిటికీ వడ్డిస్తారు, నా దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోతాయి” అనేది భార్య.

ఆమె పోయి రెండేళ్లు. కాలి పుండులో చేరిన బాక్టీరియా ఏ మందుకూ లొంగలేదు. ఆ పుండు నుంచి తీసిన నమూనా మాత్రం ఇక్కడి ఫ్రిజ్‌లో, మూడో అరలో, క్షేమంగా ఉంది. అందరూ దాన్ని మొండిది అంటారు. దానికీ తిండి పెట్టాలి. వంటాయన పెడుతూనే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు.

“తిను, తిను. ఇల్లు గుల్ల చేసింది చాలక ఇక్కడా నాకే దాపురించావు.”

ఈ సాయంత్రంతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. నిన్న అక్కడ మందుల మీద పరిశోధన చేసే మేడం తొమ్మిది గాజు గిన్నెల్లో మొండిదాన్ని పరిచి, ఒక్కోదానిలో ఒక్కో కొత్త మందు బొట్టు వేసింది. వెళ్లేలోగా అది చావడం కళ్లారా చూడాలని ఆయన కోరిక.

పదకొండింటికి లోపలి గదిలోంచి కేక వినిపించింది. “బాబాయ్! చచ్చింది!”

పరుగెత్తాడు. ఒక గిన్నెలో తెల్లటి పొర మధ్య చొక్కా గుండీ అంత ఖాళీ. వంటాయన కళ్లు చెమర్చాయి.

“ఏ మందుకమ్మా?”

మేడం చేతిలోని మూత చూసింది. తర్వాత బల్ల మీది మూతలన్నీ చూసింది. ఫొటోల కోసం తొమ్మిదీ తీసి, సంబరంలో ఒకేచోట కుప్ప పోసింది. మందుల పేర్లు రాసింది ఆ మూతల మీదే. మందులేమో బొట్టు మిగలకుండా అయిపోయాయి, మళ్లీ తయారు కావాలంటే ఏడాది.

“ఇంత చదువు చదివి మూతలు కలిపేశాను బాబాయ్” అంటూ స్టూలు మీద కూలబడింది.

వంటాయన గిన్నెను పైకెత్తి అడుగు చూపించాడు. ఎర్రటి చుక్కలు, ఏడు.

“ఇవేంటి?”

“గోళ్లకి వేసుకునే రంగు అమ్మా. మా ఆవిడది. పక్కింటికి గిన్నె ఇస్తే ఇంకెవరిదో మూతతో తిరిగొస్తోందని అడుగున చుక్కలు పెట్టేది. నేనూ మీ గిన్నెలకి ఒకటి నుంచి వరసగా పెట్టి, ఒకటోది పైకొచ్చేలా ఆ వరసలోనే పేరుస్తాను. మీరు పైనుంచే తీస్తారు కదా?”

“అవును, పుస్తకంలో రాసిన వరసలోనే!”

పుస్తకంలో ఏడోది, పనికిరాదని మేడం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసుకున్న మందు.

“ఇన్నేళ్లలో ఈ చుక్కలు నేనెప్పుడూ చూడలేదే!”

“మీరు మూతలు చూస్తారు కదమ్మా.”

మేడం నవ్వి, కళ్లు తుడుచుకుంది. “మనుషులదాకా రావాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది బాబాయ్.”

“రానీండమ్మా. మొదలైంది కదా.”

నాలుగింటికి వీడ్కోలు సభ. మాట్లాడినవాళ్లంతా ఏడో మందు గురించే మాట్లాడారు. డైరెక్టరుగారైతే వంటాయన సంగతి మరిచి, ఇంతకాలం సహకరించినందుకు మొండిదానికి ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు. అందరికన్నా గట్టిగా వంటాయనే చప్పట్లు కొట్టాడు.

తర్వాత రేపటి జావ కాచి, గిన్నెల్లో పోసి, ఆప్రన్ మేకుకు తగిలించాడు. ఫ్రిజ్ తెరిచి మొండిదాన్ని చూశాడు. తిడదామంటే నోరు రాలేదు. భార్యతో ఆఖరిదాకా ఉన్నది తనూ, అదీ. దుఃఖం ముంచుకొచ్చింది.

“వస్తానే” అని తలుపు మెల్లగా మూశాడు.

మర్నాడు మేడం వంటగదిలోకి వెళ్లేసరికి గిన్నెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన గోళ్ల రంగు సీసా ఉంది, మూత గట్టిగా బిగించి, అడుగున ఇంకా కొంచెం ఎరుపుతో.