చేరని ఆరో పాఠం

జానకిరామయ్య మాస్టారి మీద కామేశ్వరికున్న పెద్ద ఫిర్యాదు, ఆయన మీద ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ దొరక్కపోవడం. తిన్న కంచం తనే కడుక్కునే మామగారిని ఎవరైనా ఏమని తిడతారు? కాఫీ చల్లారిపోతే చల్లగానే తాగేసేవారు. పంచె తనే ఉతికి తనే ఆరేసుకునేవారు. పప్పులో ఉప్పు మర్చిపోయిన సంగతి కామేశ్వరికి తన ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ తెలిసేది కాదు. వీధిలో మిగతా కోడళ్ళు పంపు దగ్గర అత్తమామల్ని తనివితీరా తిట్టుకుని, తేలికపడి, బిందె చంకనెత్తుకుని వెళ్ళేవాళ్ళు. ఆవిడ వంతు వచ్చేసరికి “మా మావయ్యగారు చాలా మంచివారండీ” అనాల్సి వచ్చేది. అంతటితో కబుర్లు ఆగిపోయేవి.

ఊరు అద్దంకికి నాలుగు కోసుల దూరం. భర్త శశిభూషణ్ పిడుగురాళ్ళలో ఒక సున్నపు బట్టీ ఆఫీసులో గుమాస్తా. శనివారం చీకటి పడ్డాక బట్టలనిండా సున్నం, కళ్ళనిండా నిద్రతో దిగి, ఆదివారం సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. అత్తగారు ఈ పెళ్ళికి ముందే పోయారు. మిరపకోతలు మొదలయ్యాయంటే తెల్లారేసరికి వీధి వీధంతా క్యారేజీలు పట్టుకుని చేలకి వెళ్ళిపోయేది. మిగిలేది కల్లాల మీదనుంచి వచ్చే మిరపఘాటు, పక్కింటి పిల్లి, మాస్టారు, తను. వీళ్ళలో కాస్త గొంతున్నది పిల్లికే.

అలాంటి రోజుల్లో పోలియో చుక్కల లెక్కకి నర్సమ్మ రెబ్కా వచ్చింది. ఆ ఇంట్లో చుక్కలు వెయ్యవలసిన వాళ్ళెవరూ లేరని తెలిసి కూడా మంచినీళ్ళ వంకతో కాసేపు కూర్చుంది. బి.ఏ. ప్యాసైన ఇల్లాలు జీలకర్ర పొట్లం విప్పి, జీలకర్ర డబ్బాలో పోసి, కాగితం చదువుతూ కూర్చోవడం చూసి నవ్వింది. మర్నాడు ఒక కార్డు తెచ్చిచ్చింది. గుంటూరు నుంచి పోస్టులో ఉచితంగా బైబిలు పాఠాలు పంపుతారట. పాఠం చదివి జవాబులు రాసి పంపితే, దిద్ది, మార్కులు వేసి, ఆ తర్వాతి పాఠం పంపుతారు. జవాబులు చేరకపోతే పాఠం రాదు.

కామేశ్వరి పేరు రాసి పంపింది. మతం కోసం కాదు, దేవుడి కోసం కూడా కాదు. తన పేరు మీద ఆ ఇంటికి ఏదో ఒకటి వస్తుందని.

వచ్చింది. పౌలు అనే ఆయన థెస్సలొనీక అనే ఊరివాళ్ళకి ఎప్పుడో క్రైస్తవం తొలినాళ్ళలో రాసిన ఉత్తరం మీద ఎనిమిది పాఠాలు, పాఠానికో చిన్న పుస్తకం; ముందుగా మొదటిది. విశ్వాసం, ప్రేమ, నిరీక్షణ అని మూడు మాటలు అట్ట మీదే ఉన్నాయి. మాస్టారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశారు. వద్దంటారేమో అనుకుంది కామేశ్వరి. సంధ్యావందనం తప్పని మనిషి. ఆయన మాత్రం “చదువే కదమ్మా” అని తిరిగి ఇచ్చేశారు. పైగా జవాబుల కవరు పోస్టాఫీసులో వేసే పని తనమీద వేసుకున్నారు, ఎలాగూ రోజూ అటే నడక గనక. బుక్ పోస్టు అయితే తక్కువలో పోతుంది, కవరు అంటించకుండా మూత లోపలికి మడిస్తే చాలని ఆయనే చెప్పారు.

మొదటి జవాబులు తొంభై మార్కులతో తిరిగొచ్చాయి. కింద ఆకుపచ్చ సిరాతో ఎవరో రాశారు: “బాగుంది. ఇంకా రాయండి.” కామేశ్వరి ఆ మాట చాలాసార్లు చదువుకుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడని ఇంకా చెప్పమన్నది వాళ్ళొక్కళ్ళే. అందుకని ఇంకా రాసింది. ఒక వాక్యం అడిగితే నాలుగు, నాలుగు అడిగితే పేజీ.

చదవగా చదవగా ఆవిడకి ఆ పౌలు మీద జాలి కలిగింది. ఆ ఊరినుంచి ఆయన్ని తరిమేశారు. మళ్ళీ వెళదామంటే కుదరదు. తను చెప్పినదాన్ని వాళ్ళు పట్టుకుని ఉన్నారో వదిలేశారో తెలీదు. చివరికి ఉండబట్టలేక, తోడున్న ఒక్క కుర్రాణ్ణీ కబురు తెమ్మని పంపేసి, పరాయి ఊళ్ళో ఒంటరిగా కూర్చున్నాడు. వాళ్ళకి నువ్వింకా జ్ఞాపకం ఉన్నావయ్యా అని కబురొచ్చాక గానీ ఆయనకి ప్రాణం లేచి రాలేదు. పాఠాల పుస్తకం దీన్ని సేవ అంది, ఓర్పు అంది. కామేశ్వరికి మాత్రం పోస్టు కోసం గుమ్మంలో నిలబడిన మనిషి కనిపించాడు.

ఆరో పాఠం జవాబులు సంక్రాంతి వెళ్ళిన వారం మాస్టారి చేతికిచ్చింది. అక్కణ్ణుంచి ఏమీ రాలేదు.

పదిరోజులకి వచ్చేది నెల దాటింది. పోస్టుమాన్ బుడాన్ సైకిలు బెల్లు పదకొండింటికి వీధి మలుపులో వినిపించేది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి సైకిలు ఇల్లు దాటిపోయేది. కొన్నాళ్ళకి పాపం బుడాన్ ఆ ఇంటి ముందు బెల్లు కొట్టడం మానేశాడు. ఎక్కువ రాసి విసిగించానేమో అనుకుంది. ఆకుపచ్చ సిరా మనిషికి కోపం వచ్చిందేమో, బదిలీ అయిందేమో, పోయారేమో. శనివారం భర్తకి చెబితే, ఉచితంగా వచ్చేవి అంతేనని అటు తిరిగి పడుకున్నాడు. ఆవిడ ఆరు పాఠాలూ మళ్ళీ మొదటినుంచి చదివింది.

ఫాల్గుణంలో రెబ్కా గుంటూరు మీటింగుకి వెళ్తుంటే, కనుక్కు రమ్మని బతిమాలింది.

“మీ ఆరో పాఠం అసలు చేరనే లేదంటండీ,” అంది రెబ్కా తిరిగొచ్చి. “ఆరోగ్యం బాలేదేమోనని వాళ్ళే అడుగుతున్నారు. మళ్ళీ రాసివ్వండి, నేను వేస్తాను.”

కామేశ్వరికి ఆరో పాఠం చివరి ప్రశ్న గుర్తొచ్చింది. విశ్వాసానికి, ప్రేమకి, నిరీక్షణకి మీ జీవితంలోంచి ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వమని. ప్రేమకి, ఆదివారం పూట సున్నం బట్టలు ఉతకడం అని రాసింది. నిరీక్షణకి, భోజనాల దగ్గర మావయ్యగారు ఎప్పటికైనా ‘చాలమ్మా’ కాక రెండో మాట అంటారని ఎదురుచూడటం అని రాసింది. పెళ్ళయి అయిదేళ్ళయిందనీ, వారంలో ఆరు రోజులు తన గొంతు తను వినేది పిల్లిని అదిలించేటప్పుడేననీ కూడా రాసింది. విశ్వాసానికి, మావయ్యగారి చేతికిచ్చిన ఉత్తరం పోస్టుడబ్బాలో పడుతుందన్న నమ్మకం అని రాసింది.

అంటించని కవరు.

కవరు పోస్టుకి తీసుకెళ్ళింది మాస్టారేనని విన్న రెబ్కా ఆవిడ ముఖం చూసి, ఆ పెద్దాయన్ని అడిగెయ్యరాదా అంది. అడిగితే ఆయన సంజాయిషీ ఇస్తారు, ఆ తర్వాత ‘చాలమ్మా’ కూడా మిగలదు. కామేశ్వరి వేరే దారి పట్టింది. మర్నాడు మాస్టారు వరండాలో పడక్కుర్చీలో కూర్చున్నాక, చేట నిండా ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ గడప మీద కూర్చుంది. పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక ప్రశ్న అర్థం కాలేదు, చెబుతారా అని అడిగింది. ముప్ఫై రెండేళ్ళు హెడ్మాస్టరుగా చేసిన మనిషికి అంతకన్నా ఎర ఏం కావాలి? ఆయన కళ్ళజోడు తెమ్మన్నారు. రెండో రోజు పావుగంట చెప్పారు. మూడో రోజు, మిరపఘాటుకి ఇద్దరూ తుమ్ముతూనే, అరగంట. అయిదేళ్ళలో అన్నవాటికన్నా ఎక్కువ మాటలు ఆ మూడు రోజుల్లో అన్నారు.

నాలుగో రోజు కామేశ్వరి, ఆ పౌలు తోడున్నవాణ్ణి ఎందుకు పంపేశాడని అడిగింది.

“కబురు తెలియక,” అన్నారు మాస్టారు.

“కబురు తెలియకపోతే అంత కష్టంగా ఉంటుందాండీ, మావయ్యగారూ?”

బుడాన్ సైకిలు వచ్చింది, బెల్లు లేకుండా ఇల్లు దాటి వెళ్ళింది. ఇద్దరూ అది మలుపు తిరిగేదాకా చూశారు.

“నీ ఆరో పాఠం నేను డబ్బాలో వెయ్యలేదమ్మా,” అన్నారు.

కామేశ్వరి తొడిమ తీయడం ఆపలేదు. “ఎందుకనండీ?”

“చదివాను. ఎవరో పరాయివాళ్ళు నా గురించి అది చదువుతారంటే సిగ్గేసింది.”

“అబద్ధం ఏమైనా రాశానాండీ?”

“లేదు. లేదు కాబట్టే.” ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “మీ అత్తయ్య పోయాక ఈ ఇంట్లో మాట్లాడబుద్ధి కాలేదు. నువ్వొచ్చాక, కోడలిపిల్లని విసిగించకుండా ఓ మూల పడుండటమే మర్యాద అనుకున్నాను. నీకూ అదే హాయి అనుకున్నాను.”

ఆవిడ తలెత్తలేదు. తలెత్తితే ఆయన ఆపేస్తారని భయం.

“ఉత్తరం దాచడం తప్పు,” అన్నారు మాస్టారు. “అంతకుముందు అయిదేళ్ళదీ తప్పేనమ్మా. నాదే.”