కస్టమ్స్‌లో కాశప్ప కాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆదోనిలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. షుగరు జబ్బుతో అరికాళ్లకు స్పర్శ పోయినవాళ్ల కోసం ఇరవై ఏళ్లుగా మెత్తటి రబ్బరు చెప్పులు కుడుతున్నాను. ఆస్పత్రి డాక్టరే చీటీ రాసి నా దగ్గరికి పంపుతాడు. అయినా "ఏం నాగవేణీ, సెప్పుల యాపారం ఎట్లుంది?" అని ఎవరన్నా అంటే ఒళ్లు మండుతుంది. నేను చేసేది వైద్యం. కాదనేవాళ్లను రమ్మనండి, చూద్దాం.

ఆ కోపమే కాశప్ప బొటనవేలి మీదికి తెచ్చింది.

కాశప్పది గోనెగండ్ల దగ్గర పల్లె. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని మనిషి. కుడికాలి బొటనవేలి కింద పుండు లేచి నాలుగు నెలలైనా మానలేదు. పాదాన్ని కాగితం మీద పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీసుకుని, మూడు జతలు మార్చి మార్చి కుట్టిచ్చాను. కాగితం పాదం అంచు చెబుతుంది గానీ అరికాల్లో బరువు ఎక్కడ పడుతోందో చెప్పదు కదా. చివరికి డాక్టరు, ఈ నెలాఖరుకు మానకపోతే వేలు తీసేయాల్సిందే అన్నాడు.

అప్పటికే విదేశం నుంచి నేను ఒక యంత్రం తెప్పిస్తున్నాను. దాని గాజు పలక మీద నిలబడితే కిందినుంచి వెలుగు పంపి, అరికాలి ఎత్తుపల్లాలన్నీ కొలిచి, తెర మీద రంగుల్లో చూపిస్తుంది. అది చెన్నై దాకా వచ్చి కస్టమ్స్‌లో ఆగిపోయింది. దిగుమతయ్యే ప్రతి వస్తువుకూ టారిఫ్ పుస్తకంలో ఒక శీర్షిక ఉంటుందట, దాన్ని బట్టే సుంకమట. మేము 'వైద్య పరికరం' అని రాశాం. వాళ్లేమో కాదు, 'కొలిచే పరికరం' అన్నారు.

మా కస్టమ్స్ ఏజెంటు ధనుంజయ ఎమ్మిగనూరువాడే, చెన్నైలో స్థిరపడ్డాడు. ఫోన్ చేసి మొత్తుకున్నాడు.

"అక్కా, వాళ్లు సెప్పినట్ల ఒప్పుకుంటే రెండ్రోజుల్లో ఇడుస్తారు. సుంకం కొంచెం ఎక్కువైతాది, అంతే. కొట్లాడితే ఫైలు పైకి పోతాది. మల్ల రెండు నెల్లో, మూడు నెల్లో."

"కొలిచేదంటే ఏమప్పా? నా మిషన్ను తీస్కపోయి దర్జీ టేపు పక్కన పెడ్తారా? నేనొప్పుకోను."

"మరి కాశప్పన్న యేలు సంగతేందక్కా?"

"ఆ యేలునే తీస్కొస్తా. కండ్లతో సూసినాక మాట్లాడమను."

ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉన్నాయి. పాపం, ఎందుకని కూడా అడక్కుండా నా వెంట రైలెక్కాడు కాశప్ప.

చెన్నైలో సరుకు తనిఖీ చేసే గోడౌన్‌లో పెట్టె విప్పారు. ఆఫీసరమ్మ నడివయసు మనిషి. తెలుగు బాగానే వచ్చు. మర్యాదగానే మాట్లాడింది గానీ పట్టు మాత్రం సడలించలేదు.

"ఇది ఏం చేస్తుందో చూపించండమ్మా."

కాశప్ప చెప్పులు విడిచాడు. కట్టు విప్పి, అతణ్ని గాజు పలక మీద నిలబెట్టాను. తెర మీద పాదం వచ్చింది. ఆకుపచ్చ, పసుపు, బొటనవేలి కింద ఎరుపు. ఆ ఎరుపు నడుమ సన్నటి గుండ్రటి గుంట. పక్కనే దాని లోతు, అంకెల్లో.

వంగి చూశాను. మామూలు పుండు అలా ఉండదు. పుండుకు అంచులు వంకరటింకరగా ఉంటాయి. ఇది గుచ్చుకున్న గుంట.

గబుక్కున కుడి చెప్పు తీసి, బొటనవేలు ఆనే చోట నా వేలితో గట్టిగా నొక్కాను. చుర్రుమంది. రక్తం వచ్చింది. రబ్బరులో మేకు! చెప్పు ఊరికే ఉన్నప్పుడు రబ్బరు దాన్ని మూసేస్తుంది. బరువు పడితే మొన పైకి తేలుతుంది.

"కాశప్పన్నా! ఈ మేకు యాడిది?"

"నేనే కొడ్తినమ్మా," అన్నాడు అమాయకంగా. "కొత్త సెప్పులు తెచ్చుకుంటే మా ఊర్లో అందురం కొట్టుకుంటాం. లేకుంటే నల్లరేగడి బురదలో యేలిపట్టీ ఊడిపోతాది గదా. పాత జతకీ కొట్టింటి, నువ్విచ్చిన మూడు జతలకీ కొడ్తి."

"గుచ్చుకుంటాంటే తెలీలేదా నీకు?"

"తెలిస్తే నీకాడికి ఎందుకొస్తానమ్మా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలోనే నాలోని గయ్యాళి లేచింది. ఆఫీసరమ్మ వైపు తిరిగాను.

"సూసినారా మేడమ్! నాలుగు నెల్లు డాక్టరుకు దొరకంది దీనికి దొరికింది. ఇది వైద్యం గాక ఇంకేంది?"

ఆమె తెర వంక చూసి నిదానంగా అడిగింది. "మేకు అని యంత్రం చెప్పిందా?"

"లేదు."

"ఏం చెప్పింది?"

"గుంట ఉందనింది. లోతు సెప్పింది."

"అంటే కొలిచింది. అది మామూలు పుండు కాదు, మేకు పోటు అని కనిపెట్టిందెవరు?"

రక్తం కారుతున్న నా వేలి వంక చూసుకున్నాను.

"అమ్మా, ఈ గదిలో వైద్యం చేసింది మీరు. మీ పనిని తీసి యంత్రం పేరున ఎలా రాయను?"

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కదా ఊరందరితో కొట్లాడాను! అదీ నేను ఓడిపోతున్న చోట, నన్ను ఓడిస్తున్న మనిషి నోట వినాల్సి వచ్చింది. ధనుంజయ కాగితం ముందు పెట్టాడు. కాంతితో కొలిచే పరికరం. కిక్కురుమనకుండా సంతకం పెట్టాను. మేకు పీకేసి, కాశప్ప కాలు కడిగి కట్టు కట్టాను. ఆఫీసరమ్మ నీళ్ల సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.

మూడో రోజుకు యంత్రం ఆదోని చేరింది. దాని కొలతలతో నాలుగో జత కుట్టాను. మేకు జోలికి పోనని కాశప్ప చేత ఒట్టు వేయించుకున్నాను. నెలాఖరున డాక్టరు కట్టు విప్పి, పుండు పూడుకుంటోంది, వేలు తీసే పని లేదన్నాడు. కాశప్ప అక్కడే కూలబడి ఏడ్చాడు.

"ఆ యమ్మకు ఏమన్నా పంపాలమ్మా. మా ఊరి సెనిక్కాయలు రొన్ని పంపుదామా?"

"ఆఫీసర్లు అట్లాంటివి తీసుకోరన్నా. జాబు రాస్తాలే."

ఆ రోజే రాశాను. మేడమ్, నా పంతం సాగనియ్యనందుకు మీకు వేయి దండాలు. సాగనిచ్చి ఉంటే ఈపాటికి నేను గెలవాలని పై ఆఫీసుల చుట్టూ తిరుగుతుండేదాన్ని, యంత్రం మీ గోడౌన్‌లోనే ఉండేది, కాశప్పేమో వేలు పోగొట్టుకుని ఉండేవాడు.