యాభై గుంటల చెక్క

త్రాసు ముల్లు సున్నా దగ్గర నిలవడం లేదు. ఎల్డన్ ప్రూయిట్ కౌంటరు మీదికి వంగి, ఊపిరి బిగపట్టి, కింది మరను అరచుట్టు తిప్పాడు. అయినా ముల్లు ఊగుతూనే ఉంది. తలెత్తి చూస్తే గోడ మీద హీటరు ఫ్యాను తిరుగుతోంది. దాన్ని ఎవరూ ఆపకూడదని కొత్త మేనేజరు కాగితం అంటించాడు. ఎల్డన్ ఆ కాగితాన్ని ఓపిగ్గా చదివి, ఫ్యాను ఆపేశాడు. ముల్లు బుద్ధిగా సున్నా మీదికి వచ్చి నిలబడింది.

వాల్డ్రన్ వేటసామాను దుకాణంలో వెనక గోడ పక్కనున్న పదడుగుల కౌంటరు ఇరవై తొమ్మిదేళ్లుగా అతనిది. రైఫిలు తూటాలు ఇంట్లోనే నింపుకునేవాళ్లకి కావలసిన పనిముట్లన్నీ అక్కడ దొరుకుతాయి. అతనికి అరవై నాలుగేళ్లు. సన్నటి మనిషి, ముందుకు వాలిన భుజాలు, ఎప్పుడూ చొక్కా చేతుల్లోంచి బయటికి పొడుచుకొచ్చే మణికట్లు. పేలిన తూటాల ఇత్తడి గుల్లల్ని తిప్పి తిప్పి కుడి బొటనవేలు నల్లబడిపోయింది. పిలిస్తే పలికే మనిషి. పాత యజమాని వాల్డ్రన్ కేకేస్తే తింటున్న రొట్టె అక్కడే పెట్టి లేచి వచ్చేవాడు. ఊళ్లో అతని గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఎవరూ చెప్పుకోలేదు కూడా.

తొమ్మిదిన్నరకి మార్లిస్ వచ్చింది. బడి బస్సు నడుపుతుంది, ముప్పై దాటినట్టుంది. జేబులోంచి ఒక ఖాళీ గుల్ల తీసి గాజు మీద నిలబెట్టింది.

"మా నాన్న రైఫిలుది. ఈ సైజు తూటాలు మూడూళ్లు తిరిగినా దొరకలేదండీ. ఈసారి జింక కొట్టకపోతే చలికాలమంతా మా ఫ్రీజరులో మంచు తప్ప ఏమీ ఉండదు."

ఎల్డన్ గుల్లని వెలుతురులో తిప్పి చూశాడు. "ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?"

"కాఫీ డబ్బాడు."

అప్పటికే మేనేజరు బ్రెంట్ హాల్వర్ మోకాలెత్తు పెట్టె ఒకటి తోసుకొచ్చేశాడు. "ఇందులో అన్నీ ఉన్నాయి మేడమ్. పిడి లాగితే చాలు, తుపాకిమందు అదే పోసుకుంటుంది, గుండు అదే దిగుతుంది. గంటకి నాలుగొందలు!"

"ఏడాదికి ఎన్ని కాలుస్తావమ్మాయ్?" అన్నాడు ఎల్డన్.

"గురి చూసుకోడానికి ఓ పది. జింకకి ఒకటి."

"పదకొండు తూటాలకి గంటకి నాలుగొందల మిషనెందుకు? మిగతా ఏడాదంతా దాని మీద బట్టలారేసుకుంటావా?"

మార్లిస్ పకపకా నవ్వింది. బ్రెంట్ నవ్వలేదు.

ఎల్డన్ ఒక్కొక్కటే తీసి ఆమె ముందు పెట్టాడు. ఒకసారికి ఒక్క పనే చేసే బరువైన ఇనుప ప్రెస్సు. గుల్లల్ని మళ్లీ సరైన ఆకారానికి తెచ్చే, ఆమె రైఫిలు సైజు డైలు రెండు. ముల్లు త్రాసు. గుల్లల పొడుగు కొలిచే కాలిపర్. చివరికి లావుపాటి పుస్తకం తీసి, "ముందు దీన్ని చదువు. ఒంటిగంటకి రా, చేసి చూపిస్తా. మందు మాత్రం ఇవాళ అమ్మను. మొదటి రోజు ఎవరికీ అమ్మను," అన్నాడు.

"అమ్మనంటావేంటి పెద్దాయనా?" ఆమె వెళ్లగానే బ్రెంట్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఈ నెలలో పెద్ద పెట్టె ఒక్కటన్నా అమ్మావా? నువ్విక్కడ పంతులువి కాదు. ఆమె వెనక్కి వస్తే ఆ పెట్టె వెళ్లాలి. వెళ్లకపోతే నువ్వెళ్తావ్."

ఎల్డన్ తల ఊపాడు. అతని తల ఎప్పుడూ ఊపడానికే అలవాటు పడింది.

మధ్యాహ్నం దుకాణం బయట బల్ల మీద కూర్చుని సాసేజి రొట్టె తిన్నాడు. పన్నెండుంపావుకి ఎదురుగా పోస్టాఫీసులోంచి తమ్ముడు లైల్ బయటికి వచ్చాడు. రోజూ వస్తాడు. ఎడమ కంటి మీద నల్ల పట్టీ, దాని కింద గడ్డం మొలవని చెంప. అన్నని చూసి, రోజూలాగే మొహం తిప్పుకుని అవతలి పక్కనుంచి వెళ్లిపోయాడు.

ఆ చెంప ఎల్డన్ చేసిందే. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, నేల ఉడతల్ని కొట్టడానికి తమ్ముడికోసం తేలిక తూటాలు నింపుతున్నాడు. వాటిలో మందు చాలా తక్కువ, గుల్లలో రెండుసార్లు పడినా పైకి పొంగదు. పని మధ్యలో ఫోను మోగింది. అప్పుడప్పుడే పనిలోకి పిలిచిన వాల్డ్రన్, రేపు ఎన్నింటికి రావాలో చెప్పడానికి చేశాడు. ఎల్డన్ లేచి వెళ్లాడు, మాట్లాడాడు, తిరిగొచ్చి ఎక్కడ ఆపాడో అక్కడే మొదలుపెట్టాననుకున్నాడు. ఒక్క గుల్లలో మందు రెండోసారి పడింది. ఆదివారం లైల్ చేతిలో రైఫిలు పగిలింది.

ఆ తరవాత ఎల్డన్ ఒక్క తూటా నింపలేదు, వేటకీ వెళ్లలేదు. ఇతరులకి నేర్పుతూ వచ్చాడు. ఎందుకంత పట్టుబట్టి నేర్పుతాడో ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో అతను చాలాసార్లు అనుకున్నాడు.

ఒంటిగంటకి మార్లిస్ పుస్తకంలో కాగితపు ముక్కలు గుర్తు పెట్టుకుని మరీ వచ్చింది, చంకలో కాఫీ డబ్బా. ఎల్డన్ తన చెక్కని బయటికి తీశాడు. యాభై గుంటల మేపుల్ చెక్క. లైల్ బడిలో వడ్రంగం నేర్చుకునేటప్పుడు అన్నకోసం చేసింది, ఇంకా మాట్లాడే రోజుల్లో. అందులో యాభై గుల్లల్ని తలకిందులుగా నిలబెట్టించాడు. మందుకి బదులు ఇంటినుంచి తెచ్చుకున్న ఉప్పు.

"తలకిందులుగా ఉంటే ఖాళీ. తూచి పోసింది మాత్రమే నిటారుగా పెట్టాలి. ఇంకొకటుంది, ఇదే అసలుది. మధ్యలో ఎవరైనా పిలిచినా, ఫోను మోగినా, పోసిందంతా వెనక్కి పోసెయ్. మొదటినుంచి చెయ్. దేవుడు పిలిచినా అంతే."

"దేవుడు పిలిస్తే ఇంక తూటాలెందుకండీ?"

"ఏమో, అక్కడ జింకలున్నాయేమో." ఆ రోజు అతను నవ్వింది అప్పుడే.

ఆమె ఊపిరి బిగపట్టి తూచింది. చేతులు నెమ్మదైనవి, ఇలాంటి చేతులంటే అతనికి ఇష్టం. ఇరవై మూడో గుల్ల నిటారుగా నిలబెడుతుండగా వెనక గదిలోంచి బ్రెంట్ కేక వినిపించింది.

"ఎల్డన్! ఇటు రా!"

ఎల్డన్ పాదం దానంతట అది కదిలింది. అతను దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"పని మధ్యలో ఉన్నా. పది నిమిషాలు," అన్నాడు.

బ్రెంటే వచ్చాడు. విప్పని పెద్ద పెట్టెని చూశాడు, ఉప్పుని చూశాడు. "ఉప్పుతో ఆటలా? పది నిమిషాలక్కర్లేదు. తాళాలు ఇటిచ్చేసి ఇంటికెళ్లు. రేపట్నుంచి రావక్కర్లేదు."

ఎల్డన్ తాళాలు గాజు మీద పెట్టాడు. చెక్క మీదికి చెయ్యి చాపితే బ్రెంట్ అడ్డం వచ్చాడు. "కౌంటరు మీదున్నవన్నీ దుకాణానివి."

అది నాది, మా తమ్ముడు చేసిందని ఎల్డన్ అనలేదు. ఎదురు మాట్లాడే అలవాటు అరగంటలో రాదు. ఫ్లాస్కు తీసుకుని మార్లిస్ వైపు తిరిగాడు. "మధ్యలో ఆపించారమ్మాయ్. వెనక్కి పోసెయ్, మొదటినుంచి చెయ్," అని బయటికి నడిచాడు.

బండిలో కూర్చున్నాడు గానీ తాళం తిప్పబుద్ధి కాలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో మధ్యాహ్నం రెండింటికి ఆ వీధి ఎలా ఉంటుందో అతను చూడలేదు. చూడదగ్గదేమీ లేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. బ్రెంట్ పెద్ద పెట్టెని మార్లిస్ కారు దాకా తోసుకొచ్చి, ఎక్కించి, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లాడు. ఆమె ఎల్డన్ని చూసి ఆగింది. తప్పించుకోలేక దగ్గరికి వచ్చింది.

"సగం ధరకే ఇస్తానన్నాడండీ. మందు కూడా ఇచ్చాడు. మీరేమీ అనుకోకండి."

ఎల్డన్ కిటికీ అద్దం పూర్తిగా దించాడు. "మధ్యలో ఎవరైనా పిలిస్తే?"

"పోసిందంతా వెనక్కి పోసెయ్యాలి."

"ఇందాకటివి పోశావా?"

ఆమె చూపు అతని చేతిలోని ఫ్లాస్కు మీదికి జారింది. "పోశానండీ," అంది.

అతని మొహం తేలికపడింది. తల ఊపి, బండి తీసి, పోస్టాఫీసు ముందునుంచి ఇంటి వైపు వెళ్లిపోయాడు.

లోపల బ్రెంట్ ఫ్యాను వేశాడు. కౌంటరు మీద చెక్క ఆమె వదిలిన చోటే ఉంది, ఇరవై ఏడు గుల్లలు తలకిందులుగా, ఇరవై మూడు నిటారుగా, వాటి నిండా ఉప్పు అలాగే.