కొక్కెం కొస

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ఆయన గొడుగు అడిగాడు. బయట ఎండ కాస్తోంది. అయినా పంతులమ్మ వెళ్ళి గొడుగు తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదెందుకు తెచ్చావన్నట్టు భార్య ముఖంలోకి చూశాడు. మళ్ళీ "గొడుగు" అన్నాడు, ఈసారి కాస్త విసుగ్గా. ఇంట్లో ఉన్న రెండో గొడుగు కూడా తెచ్చింది. చివరికి తేలిందేమిటంటే ఆయనకు కావలసింది కళ్ళజోడు.

మెదడులో నరం దెబ్బతిన్నదని, కుడిచెయ్యి, మాట రెండూ పట్టు తప్పాయని ఆసుపత్రిలో చెప్పారు. మాట అభ్యాసం చేయించే డాక్టరమ్మ ఆవిణ్ణి పక్కకు పిలిచి ఓపిగ్గా వివరించింది. ఆయనకు అంతా అర్థమవుతుందట. చెప్పాలనుకున్నది మనసులో సరిగ్గానే ఉంటుందట. నోటిదాకా వచ్చేసరికి ఒక మాటకు బదులు ఇంకో మాట ఊడిపడుతుందట. అవును, కాదు కూడా తారుమారవుతాయి కనుక మాట పట్టుకుని వేలాడకుండా ముఖం చూడమంది. పంతులమ్మ తల ఊపింది కానీ, ముప్పూటలా చూస్తున్న ఆ ముఖంలో ఏం చూడాలో ఆవిడకు తెలియలేదు. ఆ ముఖమూ ఒక పక్కకు జారే ఉంది.

వీధిలో ఆయన్ని అచ్చులాయన అంటారు. పెరటి వైపు గదిలో బల్ల మీద పెట్టుకునే చిన్న యంత్రంతో ప్లాస్టిక్ సామాన్లు పోస్తాడు. సొరుగుల పిడులు, సీసాల మూతలు, బొమ్మకార్ల చక్రాలు, ఎవరింట్లో ఏది విరిగినా దానికి తగ్గ ముక్క. పంతులమ్మ ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పి రిటైరయింది. ఆడపడుచు వచ్చినప్పుడల్లా వేళాకోళమాడేది. ఇద్దరిదీ అచ్చుల బతుకే, అన్నయ్య పోస్తాడు, వదిన దిద్దిస్తుంది అని.

యంత్రం కుట్టుమిషను కన్నా కాస్త ఎత్తు, అంతే. నిలువుగా ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ వేడెక్కే పట్టీ, పైన గరాటు, పక్కన పొడుగాటి పిడి. గరాటులో ప్లాస్టిక్ గింజలు పోస్తే గొట్టంలో కరిగి చిక్కటి పాకంలా అవుతాయి. పిడి కిందికి లాగితే ఆ పాకం గొట్టం మూతిలోంచి దిగి, కింద బిగించిన అచ్చులోకి దూరుతుంది. అచ్చంటే రెండు అల్యూమినియం దిమ్మెలు. చల్లారాక విప్పితే లోపల వస్తువు తయారుగా ఉంటుంది, చిన్న తోకతో సహా. ఆ తోకలు కత్తిరించడం మాత్రమే పంతులమ్మ పని. పిడి ఆవిడెప్పుడూ ముట్టుకోలేదు.

ఒకరోజు పరదాలు కుట్టే ఆవిడ పరామర్శకు వచ్చింది. కొత్తగా కట్టిన ఆసుపత్రికి పడకల మధ్య వేలాడే పరదాలు కుడుతోంది. వాటికి కావలసిన కొక్కేలు ఆయనే పోస్తున్నాడు. సగంలో ఉండగా ఇలా అయింది. ఆవిడ మంచిది, అడగలేదు. కొక్కేలు ఇంకెక్కడైనా చూసుకుంటాలెండి, మీరు ముందు కోలుకోండి అంది.

ఆయన కుర్చీలోంచి "లేదు, లేదు" అన్నాడు. అంటూనే తల పైకీ కిందికీ గట్టిగా ఊపాడు.

పరదాలావిడ నాలుకను నమ్మాలో మెడను నమ్మాలో తెలియక పంతులమ్మ వైపు తిరిగింది. "అంటే చేస్తారనా, చెయ్యరనా?"

"నాకూ అదే తెలియట్లేదండీ," అంది పంతులమ్మ.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. అడుగులో అడుగేసుకుంటూ పెరటి గదిలోకి వెళ్ళి, వెనకే వచ్చిన భార్య మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని, ఆ చెయ్యి తీసుకెళ్ళి పిడి మీద పెట్టాడు. దీనికి మాత్రం అర్థం ఒక్కటే అనుకుని పరదాలావిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. పంతులమ్మకు అంత నమ్మకం లేదు. నువ్వు చెయ్యి అంటున్నాడా, నేను చెయ్యలేను అంటున్నాడా?

చేసి చూద్దామనుకుంది. ఆయన్ని యంత్రం పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. ఇదివరకు ఆయన ఆ గది తలుపులు మూసుకుని పనిచేసేవాడు. వాసన ఇంట్లోకి రాకూడదని అలా చేస్తాడని ఆవిడ అనుకునేది. ఇప్పుడు ఆయనకు ఉక్కపోయకూడదు, పొయ్యి మీదున్నదీ కనబడుతుండాలి. అందుకని వంటింటి తలుపూ పెరటి తలుపూ బార్లా తీసిపెట్టింది. ఇన్నేళ్ళూ తోకలు కత్తిరిస్తూ చూసినదంతా గుర్తు తెచ్చుకుని గింజలు పోసింది, వేడి పెట్టింది, అచ్చు బిగించింది, పిడి లాగింది.

కొక్కెం వచ్చింది. పైన మెడ ఉంది, కింద వంపు ఉంది. కొస లేదు. పరదా గుచ్చుకోవలసిన సన్నటి కొస దగ్గర మొండిగా, గుండ్రంగా ఆగిపోయింది. ఇంకోటి పోసింది. దానికీ లేదు.

"ఉప్పు," అన్నాడాయన.

యంత్రంలో ఉప్పేముంటుంది? వేడి అంటున్నాడేమోనని కాస్త పెంచింది. ప్లాస్టిక్ పచ్చబడింది, గదంతా కమురు వాసన. ఆయన "చాలు, చాలు" అంటూ కుర్చీ చేతిని గుద్దాడు. చాలా, చాలదా? ముఖం చూస్తే కోపంగా ఉంది. వేడి తగ్గించింది. ఈసారి పిడి పట్టుకుని ఎంత వేలాడినా అది దిగలేదు. సాయంత్రానికి బకెట్లో కొసలేని కొక్కేలు కుప్పయ్యాయి. పంతులమ్మ భుజం పట్టేసింది. ఆయన భోజనం దగ్గర కూడా ఉప్పు, ఉప్పు అంటూనే ఉన్నాడు. మంచినీళ్ళిచ్చింది. తాగాడు కానీ తృప్తిగా తాగలేదు.

మర్నాడు మాట మారింది. "తలుపు," అన్నాడు.

మొదటి కొక్కెం తీసి చూపించగానే అన్నాడు. రెండోది తీశాక మళ్ళీ అన్నాడు. గొడుగంటే కళ్ళజోడయినప్పుడు తలుపంటే ఏమిటవుతుందోనని పంతులమ్మ పలకా బలపం పట్టినంత శ్రద్ధగా ఆలోచించింది. అచ్చు దిమ్మెలు తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి కదా, సరిగా బిగియలేదంటున్నాడేమో. మరలు బలంగా బిగించింది. కొస రాలేదు. పాకం అచ్చులోకి దూరే కన్నం కూడా ఒక రకంగా తలుపే. మూసుకుపోయిందేమోనని సూది తీసుకోబోతే ఆయన గాభరాగా చెయ్యి అడ్డం పెట్టాడు. అచ్చు గీరుకుపోతుందని కాబోలు. గరాటు మూత తీసింది, పెట్టింది. ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదటి నుంచి "తలుపు" అనేవాడు. ఒకసారి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పంతులమ్మకు ఏం చెయ్యాలో తోచక తువ్వాలుతో తుడిచి, కాసేపు బయటికెళ్ళి నిలబడింది. అక్షరాలు రాని పిల్లలు ఎందరో ఆవిడ ముందు ఇలా ఏడ్చారు. అప్పుడు తెలియని వాళ్ళు పిల్లలు, తెలిసినది తను. ఇక్కడ ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఎవరికి నేర్పాలో బోధపడలేదు.

మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. సంగతంతా విని, "అలమారా అంటున్నాడేమో వదినా. దానికీ తలుపులే కదా," అంది. ఇద్దరూ కూర్చుని గదిలో ఉన్న ఇనప అలమారా ఖాళీ చేశారు. పాత అచ్చులు, ఇంకో రంగు గింజల సంచి, తుప్పుపట్టిన పటకార్లు, ఎప్పుడో పోగొట్టుకున్నామనుకున్న టార్చిలైటు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ ఆయన ముందు పెట్టి ఇదా, ఇదా అని అడిగారు. ఆయన ముఖం గోడ వైపు తిప్పేసుకున్నాడు. ఆడపడుచు అన్నయ్య చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. అన్నీ మళ్ళీ అలమారాలో సర్ది, కళ్ళు ఒత్తుకుంటూ పెరటి దారినే వెళ్ళిపోయింది. గాలికి దుమ్ము లేస్తోందని పోతూ పోతూ ఆ తలుపు దగ్గరికి లాగేసింది.

పంతులమ్మకు ఇంక చెయ్యాలని లేదు. గొట్టంలో కరిగిన ప్లాస్టిక్ ఉంది, వదిలేస్తే గడ్డకడుతుంది కనుక పిడి లాగింది. అచ్చు విప్పింది. కొక్కేనికి కొస ఉంది. సన్నగా, వాడిగా, నిండుగా ఉంది.

ఇంకోటి పోసింది. దానికీ ఉంది. తన చెయ్యి తిరిగిందనుకుంది, ఇన్నాళ్ళూ తోకలు కత్తిరించినందుకు ఫలితం దక్కిందని సంబరపడింది. ఆయన మాత్రం మెల్లగా, దాదాపు లాలనగా, "తలుపు" అన్నాడు. ఆవిడ సరే సరే అంటూ పోస్తూనే ఉంది.

కాసేపటికి, ఆడపడుచు ఇంకా వీధి చివర రిక్షా కోసం నిలబడిందేమో చూద్దామని పెరటి తలుపు తీసింది. ఎవరూ లేరు. తలుపలాగే వదిలి వచ్చి పిడి లాగింది. కొస లేదు. తరువాతి దానికీ లేదు. తిరిగిన చెయ్యి అంతలోనే ఎలా మరిచిపోయింది? అచ్చు చేత్తో పట్టుకుని అయోమయంగా నిలబడితే మెడ వెనక చల్లగా గాలి తగిలింది. ఆ గాలి ఆవిడ్ని దాటి, యంత్రాన్ని దాటి, వంటింట్లోకి పోతోంది. గొట్టం మూతి సరిగ్గా ఆ దారిలోనే ఉంది.

వెనక్కి తిరిగి చూసింది.

"ఏమండీ," అంది. "తలుపంటే... తలుపేనా?"

"కాదు, కాదు, కాదు," అన్నాడాయన. ఆయన నవ్వుతున్నాడు. జారిన వైపు పెదవి కూడా కొంచెం కదిలింది.

ఆవిడ వెళ్ళి పెరటి తలుపు మూసింది, వంటింటి తలుపు కూడా దగ్గరికి వేసింది. పైన వెంటిలేటరు ఎలాగూ తెరిచే ఉంది, వాసనకు అది చాలు. గాలి ఆగింది. అచ్చు మళ్ళీ వెచ్చబడ్డాక పోసిన కొక్కేనికి కొస వచ్చింది. ఇంత సన్నటి దారిలో పాకం కొసదాకా చేరేలోపే ఆ గాలికి చల్లబడి ఆగిపోతోందన్నమాట. ఆయన పొద్దుటి నుంచీ అదే చెబుతున్నాడు, ఉన్నదున్నట్టుగా, తెలుగులోనే.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. సంతోషించాలని తెలుసు. పరదాలావిడకు కబురు చెయ్యాలని తెలుసు. కానీ మనసు ఇంకెక్కడికో పోయింది. ఈ మాట సరైనదే అయితే మిగతా వాటిలో ఎన్ని సరైనవి? అన్నీ తప్పులేనని తీర్మానించుకుని ఎన్ని మాటలు చెవిన పెట్టకుండా వదిలేసింది?

ఆ రోజు భోజనాలప్పుడు ఆయన గిన్నెలోది చెంచాతో తీసి నోట్లో వేసుకుంది. చప్పిడి, నోట పెట్టేలా లేదు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, తను పూర్తిగా మానేసింది. చిటికెడు ఉప్పు చల్లింది. ఆయన గిన్నె ఖాళీ చేశాడు. అంటే అప్పుడు అడిగింది ఉప్పేనా? లేక ఇవాళ ఆకలెక్కువా? యంత్రం దగ్గరన్న ఉప్పు మాటేమిటి మరి?

అన్నిటికన్నా ఒక మాట ఆవిణ్ణి నిలవనివ్వలేదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన మొదటి రోజు ఆయన ఆవిడ వైపు చూసి "వెళ్ళిపో" అన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆవిడ వరండాలోకి వెళ్ళి ఏడ్చింది. తరువాత డాక్టరమ్మ చెప్పింది విన్నాక, అమ్మయ్య, అది ఇంకేదో మాటకు బదులు పడిందిలే అని గుండె దిటవు చేసుకుంది. అడగాలా వద్దా అని గిన్నెలు కడుగుతూ ఆలోచించింది. చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆసుపత్రిలో నన్ను వెళ్ళిపో అన్నారు. గుర్తుందా?"

ఆయన ఆలోచించాడు. గుర్తున్నట్టే ఉంది.

"నన్నే అన్నారా? నిజంగా వెళ్ళిపొమ్మనే అన్నారా?"

"అవును," అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ నిలువుగా ఊపాడు. ఎడమచేత్తో ఆవిడ కొంగు పట్టుకుని, వదలకుండానే ఆ చేత్తో తలుపు వైపు చూపించి, మంచం వైపు చూపించి, నిద్రపోతున్నట్టు కొంగుతో సహా ఆ చెయ్యే చెంప కింద పెట్టుకుని చూపించాడు. ఇంటికెళ్ళి పడుకోమన్నాడేమో. అప్పటికి ఆవిడ ఎప్పుడు నిద్రపోయిందో ఆవిడకే తెలియదు. లేక తనకే ఇంటికి వెళ్ళిపోవాలని ఉందన్నాడేమో. లేక, ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి ఇప్పుడు అల్లుతున్నాడేమో. మూడూ నమ్మదగ్గవే. ఆవిడ ఆయన చేతిలోంచి కొంగు లాక్కోలేదు. "సరే లెండి," అంది. సరేనో కాదో ఆవిడకు తెలియదు.

కొక్కేలు పూర్తయ్యాయి. పరదాలావిడ వచ్చి, గుప్పెడు తీసి వేలితో కొసలు తడిమి చూసి, మునుపటి వాటికీ వీటికీ తేడా తెలియట్లేదంది. ఈసారి పరదా కడ్డీల చివర పెట్టే బిళ్ళలు కూడా కావాలని చెప్పి వెళ్ళింది. ఆ బిళ్ళల అచ్చు కోసం ఇద్దరూ ఒక ఉదయమంతా అలమారా వెతికారు. ఆయన చెప్పిన మాటను ఆవిడ ఇప్పుడు ముందు ఉన్నదున్నట్టుగా తీసుకునేది, కుదరకపోతే తిరగేసేది, అదీ కుదరకపోతే ఊరికే వినేది. "బూట్లు" అంటే బూట్లున్న చోట కూడా వెతికింది. అచ్చు అక్కడ లేదు. చివరికి గింజల సంచి కింద దొరికింది.

మొదటి బిళ్ళ పోసి, తోక కత్తిరించి, ఆయన ఒళ్ళో పెట్టింది. గుండ్రంగా, నున్నగా వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, పనికిరానివి వేసే బకెట్లో పడేశాడు.

పంతులమ్మ వంగి తీసింది. తిప్పి తిప్పి చూసింది. ఏ లోపమూ కనబడలేదు. దాన్ని మంచి వాటి పళ్ళెంలో వేసింది. ఆయన మళ్ళీ తీసి బకెట్లో వేశాడు.

"ఏమైంది దీనికి? బాగానే ఉందిగా."

"చందమామ," అన్నాడాయన.

బాగుందంటున్నాడా, గుంట ఉందంటున్నాడా? ఆవిడ బిళ్ళను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఓ పక్కకు వంచి, ఇంకో పక్కకు వంచి చూసింది. మధ్యలో ఏదో నీడలాంటిది ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది. వచ్చి ఆయన పక్కన కూర్చుని, బిళ్ళను ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది.

"ఎక్కడుందో చూపించండి," అంది. ఆయన వేలు మెల్లగా ముందుకు వచ్చేదాకా ఆగింది.