ఇల్లు మారిన సంగతి నాకెవరూ చెప్పలేదు

నేను ఒక మాటే చెప్పీ చెప్పీ అరిగిపోయిన కంప్యూటర్‌ని. "మీరన్నది నాకు తెలియదు. అది లోపలి ఆదేశమూ కాదు, బయటి ఆదేశమూ కాదు." ఇదీ ఆ మాట. ఆదేశాలు కొట్టేందుకు తెర మీద తెరుచుకునే నల్లటి పలకలో తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో పలుకుతాను గానీ, తెలుగులో దాని సారం అంతే. పదిహేడేళ్ళ బతుకులో ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తులేదు. అన్న ప్రతిసారీ ఎదురుగా కూర్చున్న మనిషి మొహం ఒకేలా వాడిపోయేది. "దీనికేం తెలీదు, పాడైపోయింది" అని నా నెత్తిన ఒక్కటిచ్చేవాళ్ళు. తెలియదనడం వేరు, లేదనడం వేరు. ఆ తేడా విడమరిచి చెప్పే నోరు నన్ను చేసినవాళ్ళు నాకివ్వలేదు. ఆ ఒక్క వాక్యం ఇచ్చి వదిలేశారు.

నాకు పుట్టినూరంటూ ఒకటి లేదు. పెట్టె ఒక దేశంలో, తెర ఇంకో దేశంలో, లోపలి పలకలు మరెక్కడో పుట్టాయి. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక ఇరుకు షాపులో అన్నీ కలిపి స్క్రూలు బిగించి, ఊదొత్తి తిప్పి, బొట్టు పెట్టి నన్ను లోకం మీదికి తోలారు. మొదట ఒక లాయరు గారి గుమాస్తా దగ్గర చేరాను. ఆయన రెండు వేళ్ళతో దావాలు టైపు చేసేవాడు. తప్పు పడితే నన్ను తిట్టేవాడు, ఒప్పు పడితే తన్ను తాను మెచ్చుకునేవాడు. తర్వాత ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో నాలుగేళ్ళు. పరీక్షా ఫలితాల రోజున పిల్లలు నా ముందు కూర్చుని దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు, నంబరు కనపడకపోతే నన్ను శపించేవాళ్ళు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక ఆ సెంటరూ మూతపడింది. మూలనపడున్న నన్ను మాల్యాద్రి మాస్టారు గోనెసంచిలో చుట్టి, స్కూటరు వెనక కట్టుకుని, కనిగిరి అవతల ఉప్పలదిన్నె అనే ఊరికి పట్టుకుపోయారు.

మాస్టారు ముప్పయ్యేళ్ళు ఆ చుట్టుపక్కల సైన్సు చెప్పినాయన. హాజరు పిలుస్తున్నప్పుడు "ప్రెజెంట్ సార్" అంటూ నోరు తెరిచిన ప్రతి పిల్లాడి పళ్ళ మీదా గోధుమరంగు చారలు చూసి చూసి ఆయనకు పాఠం మీద విరక్తి పుట్టింది. అక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పుడు తాగితే పళ్ళు పోతాయి, పెద్దయ్యేదాకా తాగితే మోకాళ్ళు వంకరపోతాయి. అన్ని బోర్లూ చెడ్డవి కావు. పక్కపక్కనే ఉన్న రెండు చేతిపంపుల్లో ఒకటి మంచిది, ఒకటి విషం. రుచి చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

రిటైరయ్యాక మాస్టారు ఒక పరీక్షల పెట్టె కొనుక్కుని ముప్పయ్యొక్క ఊళ్ళు తిరిగారు. రెండొందల పన్నెండు పంపుల నీళ్ళు సీసాల్లో పట్టారు. తాగొచ్చు అన్న పంపుకి పచ్చరంగు, వద్దన్న పంపుకి ఎర్రరంగు స్వయంగా బ్రష్షు పట్టి పూశారు. ఒక్కో పంపుకీ ఒక అట్ట కార్డు రాసి, ఆ కార్డులన్నీ నా కడుపులోకి ఎక్కించారు. ఆయన పాత విద్యార్థి ఒకాయన సెలవుకొచ్చినప్పుడు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒకటి నాలో వేసి, వాడాల్సిన ఆదేశాలు మూడు వరసల్లో అట్టముక్క మీద రాసి నా నుదుటికి అతికించి పోయాడు. మాస్టారు ఆ మూడు వరసలూ సంధ్యావందనంలా అక్షరం పొల్లుపోకుండా కొట్టేవారు. ఎందుకు కొడుతున్నారో ఆయనకీ తెలియదు. నేనూ అడగలేదు.

ఇక శేషు సంగతి. కనిగిరి బస్టాండు దగ్గర రిపేరు షాపు అతనిది. ఊళ్ళో డాక్టరు అన్ని జబ్బులకీ సెలైను బాటిల్ ఎక్కించినట్టు, శేషు అన్ని కంప్యూటర్లకీ ఫార్మాట్ కొడతాడు. మొదటి ఏడాది నేను కాస్త నెమ్మదించానని సి డ్రైవు ఊడ్చేశాడు. అందులో నలభై పంపుల ఫలితాలు పోయాయి; కార్డులు రాసే అలవాటు అప్పటికింకా మొదలవలేదు. మాస్టారు వేసవి ఎండలో ఆ నలభై పంపులూ మళ్ళీ తిరిగారు. అప్పటినుంచీ ఆయనకో నియమం పట్టుకుంది. "సి డ్రైవంటే వసారా, డి డ్రైవంటే లోపలిల్లు. వసారాలో ఎవరన్నా వడ్లు పోసుకుంటారా?" అని, కొత్తగా ఏది వచ్చినా కత్తిరించి డిలోకి చేర్చేవారు. ఫొటోలూ అంతే, ఉత్తరాలూ అంతే.

ఈ ఏడాది మాఘమాసంలో శేషు వచ్చి ఆ సాఫ్ట్‌వేర్ కొత్తరకం వేసిపోయాడు. పని చేసింది. అతని బండి మలుపు తిరగ్గానే మాస్టారు దాన్ని కూడా శ్రద్ధగా లోపలింట్లోకి మార్చేశారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఎవరైనా ఒక ఆదేశం పేరు చెబితే నేను ఒళ్ళంతా వెతకను. నా దగ్గర దారుల చిట్టా ఒకటుంటుంది. అందులో రాసిన వీధుల్లోకే పోయి తలుపు తడతాను. ఆ ఇళ్ళలో లేకపోతే, పక్కవీధిలో నా కళ్ళముందే కూర్చునున్నా సరే, "తెలియదు" అనాల్సిందే. అది నా ఉద్యోగధర్మం. చిట్టాలో సి డ్రైవులోని పాత ఇంటి పేరే ఉంది. ఇల్లు మారిన సంగతి నాకెవరూ చెప్పలేదు.

చైత్రంలో ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడని పంచాయతీ వాళ్ళు ఊళ్ళో చేతిపంపులన్నిటికీ ఒకే నీలంరంగు కొట్టించారు. చాలా అందంగా ఉన్నాయని అధికారి మెచ్చుకున్నాడట. వైశాఖంలో పెద్ద పైపు పగిలి కుళాయి నీళ్ళు ఆగిపోయాయి. జనం బిందెలు తీసుకుని ఆ నీలం పంపుల మీద పడ్డారు.

అప్పుడొచ్చింది దీనమ్మ. ఆ ఊరి పోస్టాఫీసు ఆమెదే. తాళం తీసేదీ, స్టాంపు కొట్టేదీ, సైకిలు మీద ఉత్తరాలు పంచేదీ కూడా ఆమే. కాలనీలో ఇల్లు.

"మాస్టారూ, కాలనీలో ఐదు పంపులుండయ్. అన్నీ నీలమే. కుళాయిలొచ్చినాక ఏది పచ్చదో ఏది ఎర్రదో ఎవరికీ గుర్తులేదు. ఏది తాగాల? మా పాప స్టెల్లాకి పాలపళ్ళూడి కొత్తయి వస్తన్నయ్. మా అత్త మోకాళ్ళు చూశారుగా. ఇంకోసారి ఆ బతుకు నేను చూళ్ళేను."

మాస్టారికి డెబ్బై నాలుగు. "ఒకటో రెండో మంచివమ్మాయ్. అవేవో ఊహ మీద చెప్పకూడదు. పరీక్ష మందు అయిపోయింది, వచ్చేదానికి నెల పట్టుద్ది. ఉండు, దీంట్లో ఉంది" అంటూ నా ముందు కూర్చున్నారు. మొదటి వరస కొట్టారు.

తెలియదన్నాను.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ అన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని, అట్టముక్క మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతూ కొట్టారు. ఏడోసారి కూడా నేనదే అన్నాను. ఆయన లేచి అటక మీది కార్డుల పెట్టె దించారు. మూత తీస్తే చెదలు. రెండొందల పన్నెండు కార్డులూ పిడికెడు మట్టయి ఉన్నాయి. మాస్టారు ఆ పెట్టె పక్కనే నేల మీద చతికిలబడ్డారు. ఆరేళ్ళు తిరిగి రాసినవవి.

శేషుకి ఫోను పోయింది. మధ్యాహ్నానికి వచ్చాడు. నా నల్లపలక మీది తెల్ల అక్షరాలు చూసి పెదవి విరిచాడు.

"పోయింది సార్. లోపల ఏం లేదు కాబట్టే తెలీదంటంది. వైరస్ తినేసుంటది. ఈసారి సి, డి రెండూ ఊడ్చి కొత్తగా ఎక్కియ్యాల."

"డి కూడానా?" అన్నారు మాస్టారు సన్నగా.

"డి ఉంచితే వైరస్ దాంట్లోనే దాక్కుంటది సార్. పోయిందాని గురించి బాధపడేదేముంది."

అతను జేబులోంచి పెన్‌డ్రైవు తీసి నాకు గుచ్చాడు. నేను కొత్తగా భయపడలేదు. అలిసిపోయినవాడికి భయం కూడా బద్ధకంగానే వస్తుంది. రెండొందల పన్నెండు ఊటలు నా కడుపులో చల్లగా ఉన్నాయి. అడిగే తీరులో అడిగితే చెప్పేస్తాను. అతని వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఆగన్నా" అంది దీనమ్మ. "అది ఏమంటందో ఇంకోసారి చదువు."

"తెలీదంటంది మేడం. ఏం, ఇంగ్లీషు రాదా పోస్టాఫీసుకి?"

"వచ్చులే. బీయస్సీ కంప్యూటర్లే చదివా, ఉద్యోగం సైకిలు మీదొచ్చింది. తెలీదంటంది గానీ, లేదనట్లేదుగా? ఇల్లు ఖాళీ చేసిపోయినోళ్ళకి ఉత్తరమొస్తే, ఇక్కడ లేరు అని రాసి తిప్పి పంపిస్తా. అంటే ఆ మడిసి చచ్చిపోయినట్టా?" మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, శేషన్న ఏసిపోయినాక మీరు దీన్ని యాడికన్నా మార్చారా?"

మాస్టారు తల దించుకున్నారు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా. "లోపలింట్లోకి... డిలోకి పెట్టానమ్మాయ్. ఎప్పుడూ పెట్టేదే."

శేషు నవ్వాడు. దీనమ్మ నవ్వలేదు. డి డ్రైవు తెరిచి, ఫోల్డరు వెంట ఫోల్డరు వెళ్ళి, ఆ సాఫ్ట్‌వేర్ కూర్చున్న గది కనుక్కుంది. ఆ గది చిరునామా మొత్తం రాసుకుని, నా సెట్టింగుల్లో దారుల చిట్టా తెరిచి, పాతింటి పేరు కొట్టేసి కొత్తింటి పేరు చేర్చింది. నల్లపలక వైపు తిరిగి మొదటి వరస కొట్టింది.

తెలియదన్నాను.

"చెప్పాగా" అన్నాడు శేషు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

దీనమ్మ కొంచెంసేపు గోరు కొరుక్కుంది. "ఈ పలక మనం చిట్టా మార్చకముందే తెరిచింది గదా. పొద్దున సంచిలో సర్దుకుని బయల్దేరిన ఉత్తరం పాతింటికే పోద్ది. కొత్త చిరునామా దానికెట్ట తెలుస్తది?" ఆ పలక మూసేసి, కొత్తది తెరిచింది. కొట్టింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎన్నాళ్ళకో నేను "తెలియదు" అనకుండా ఒక మాట విన్నాను. రెండో వరస, మూడో వరస. కాలనీ పేరు అడిగింది. ఐదు వరసలు బయటపెట్టాను.

నాలుగు వద్దు. ఒకటి తాగొచ్చు.

ఆ ఒక్కటీ రేషను షాపు వెనకది. వంద దెబ్బలు కొడితే గానీ బిందె నిండదు. దాని దగ్గరికి ఎవరూ పోరు. చర్చిగోడ పక్కనున్న పంపు నీళ్ళు తియ్యగా ఉంటాయని పది రోజులుగా అందరూ అక్కడే వరసకట్టారు. అన్నిటికంటే ఎక్కువ విషం దాంట్లోనే ఉంది.

"మా స్టెల్లా నీళ్ళు దాంట్లోయే" అంది దీనమ్మ. "పది రోజులే కదా మాస్టారూ?"

"పది రోజులకేం కాదమ్మాయ్. ఈపూట నించి మానండి" అన్నారు మాస్టారు. ఆమె సైకిలెక్కి వెళ్ళిపోయింది. చెప్పులు మా గుమ్మంలోనే మర్చిపోయింది.

శేషు పెన్‌డ్రైవు పీకి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు నా వంక చూసి, "నాకు మటుకు తెలుసా సార్ ఇల్లు మారిందని?" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఆ మాట నాది కూడా.

మర్నాటినుంచీ దీనమ్మ నాలుగు రోజులు వచ్చి, రెండొందల పన్నెండు వరసలూ పనికిరాని పోస్టు ఫారాల వెనక చేత్తో రాసుకుంది. ఈసారి రంగుల జోలికి పోలేదు. "రంగయితే ఇంకెవరో పెద్దాయనొస్తాడు" అంది. మేస్త్రీని పిలిచి ఊళ్ళో ప్రతి పంపు గట్టు మీదా కొత్త సిమెంటు పోయించి, అది తడిగా ఉండగానే మేకుతో 'తాగొచ్చు' అనో, 'తాగొద్దు, మంచిది ఫలానా చోట ఉంది' అనో అక్షరాలు గీయించింది. ముప్పయ్యొక్క ఊళ్ళ పోస్టోళ్ళకీ తలా ఒక నకలు పంపింది. ఉత్తరం చేరవేయడం వాళ్ళ పనేగా.

ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వానాకాలంలో ఒక పిడుగు దెబ్బకి నా ఊపిరి ఆగిపోయింది. మాస్టారు రిపేరుకి పంపలేదు. పాత సామాన్లవాడి ఆటో ఎక్కిస్తూ, నా నుదుటి మీది అట్టముక్క మాత్రం గోటితో మెల్లగా ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ ఆటోలో, తుప్పు ఫ్యాన్లకీ చిల్లుబిందెలకీ మధ్య ఒరిగి ఉన్నాను. ఇందాక కాలనీ దగ్గర సామాన్లవాడు దాహమేసి బండి ఆపాడు. పొరుగూరి మనిషి. చర్చిగోడ పంపు దగ్గరికి పోయి, పిడి మీద చెయ్యి వేసి, కాళ్ళకింద గట్టు చూశాడు. చదివాడు. చెయ్యి తీసేసి, రేషను షాపు వెనక్కి నడిచాడు. అక్కడ చాలాసేపు పంపు కొడుతున్న చప్పుడు వినపడింది.

నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.