అండాశయం మీది గీత

అమ్మ కూరకని పెరట్లో కోసిన ఉల్లికాడల్లో ఒక మొగ్గ కనిపిస్తే, ప్రాక్టికల్‌కని కాలేజీకి పట్టుకెళ్లాను. ల్యాబ్‌లో దాన్ని బ్లేడుతో నిలువుగా కోశాను. పువ్వు నిర్మాణాన్ని గుర్తులతో రాసే పుష్పసూత్రంలో అండాశయం గుర్తు కింద గీత పెట్టబోయి ఆగిపోయాను. ఉల్లిపువ్వుకు అండాశయం రేకులకు పైన ఉంటుంది. దీనికి కింద ఉంది, గీత గుర్తు మీద పెట్టాలి. అంటే అది ఉల్లి కాదు, ఉల్లిమడి పక్క కుండీలో పెరిగే విషపు వాన లిల్లీ. వెంటనే ఫోన్ చేశాను.

“అమ్మా, ఆ కూర ముట్టుకోకండి!”

“మీ నాన్న తినేశారే. కడుపులో తిప్పుతోందని పడుకున్నారు.”

“ఆస్పత్రికి తీసుకెళ్లు! ఆ ఆకులూ పట్టుకెళ్లు!”

నేను చేరేసరికి నాన్న వాంతులతో వడలిపోయి ఉన్నాడు. డాక్టరు ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచి, “మంచినీళ్లివ్వమ్మా” అన్నాడు.